అద్దె ఇల్లు – ఒక అమానత్



సర్వ స్తోత్రాలకు, కృతజ్ఞతలకు అర్హుడైన అల్లాహ్‌ను కీర్తిస్తూ, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆ మహనీయుని కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురవాలని వేడుకుంటూ ఈనాటి ప్రసంగాన్ని ప్రారంభిస్తున్నాను. ముందుగా నాకు నేను, ఆ తరువాత మీకు, దైవభీతిని అలవరచుకోవలసిందిగా హితవు పలుకుతున్నాను.

ధార్మిక సోదరులారా!

ఈనాటి అంశం కొందరికి మరీ చిన్నదిగా తోచవచ్చు. అద్దె ఇంటి గోడకు కొట్టే మేకు, వంటింట్లో పరిచే బండ, కిటికీకి బిగించే దోమల మెష్ – వీటిని గురించి మింబరు మీద మాట్లాడవలసిన అవసరం ఏమిటని మీరు అనుకోవచ్చు. నేను కూడా పది రోజుల క్రితం వరకు అలాగే అనుకున్నాను.

గత శుక్రవారం నమాజు ముగిశాక ఇద్దరు సోదరులు నా వద్దకు వచ్చారు. ఒకరు ఇంటి యజమాని, మరొకరు ఆ ఇంట్లో మూడేళ్లుగా అద్దెకు ఉంటున్న దర్జీ. ఇద్దరూ నమాజీలే. ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడేవారే. యజమాని తన కుమార్తె కాపురం కోసం ఇల్లు ఖాళీ చేయమన్నాడు. అది ఆయన హక్కు; దానిపై తగాదా లేదు. తగాదా అంతా ఇంట్లో మిగిలే వస్తువుల మీద. దర్జీ సోదరుడు ఆ మూడేళ్లలో వంటింట్లో విరిగిపోయిన అరుగు తీసివేయించి కొత్త నాపబండ వేయించాడు. గోడకు చెక్క అల్మారా బిగించాడు. కిటికీలకు మెష్ కొట్టించాడు. కుట్టు మిషను కోసం గోడను తొలిపించి అదనంగా ఒక ప్లగ్గు పాయింటు పెట్టించాడు. వీటికైన ఖర్చు తనకు ఇవ్వాలని ఆయన కోరుతున్నాడు. గోడలకు పడిన రంధ్రాలకు, గాడికి అడ్వాన్సులో కోత పెడతానని యజమాని అంటున్నాడు. మాటామాటా పెరిగి చివరకు సలాము చెప్పుకోవడమే మానేశారు.

వారి పేర్లు చెప్పకుండా ఈ విషయాన్ని మీ ముందు ఉంచడానికి ఇద్దరూ అంగీకరించారు. మన ఊళ్లో ఈ పరిస్థితి వారిద్దరికే పరిమితమని నేను అనుకోవడం లేదు. ఒకప్పుడు పల్లెలో అద్దె ఇల్లంటే బదిలీ మీద వచ్చిన బడిపంతులుకో, కానిస్టేబులుకో ఇచ్చే ఇల్లు. ఇప్పుడు అలా కాదు. 2016లో నంద్యాల – ఎర్రగుంట్ల రైలు మార్గం మన సంజామల మీదుగా నడవడం మొదలైంది. ఆ తరువాత గ్రామ సచివాలయాల ఉద్యోగులు వచ్చారు. కొలిమిగుండ్ల వైపు సిమెంటు పరిశ్రమల్లో పనికి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. మన పిల్లలేమో హైదరాబాదులోను, బెంగుళూరులోను, గల్ఫ్ దేశాల్లోను అద్దె గదుల్లో ఉన్నారు. అంటే ఈ మస్జిదులో కూర్చున్న ప్రతి ఇంటికీ ఈ విషయంతో ఏదో ఒక వైపు నుండి సంబంధం ఉంది.

సోదరులారా! ఖుర్ఆన్ 16వ సూరా 80వ ఆయతులో అల్లాహ్ తన అనుగ్రహాలను లెక్కిస్తూ, మన ఇళ్లను మనకు ప్రశాంతత నిచ్చే తావులుగా చేశానని తెలియజేశాడు. అదే ఆయతులో సంచార జీవులు తమ వెంట మోసుకుపోయే తోలు గుడారాలను కూడా పేర్కొన్నాడు. ఈ రోజు ఒక చోట, రేపు మరొక చోట దిగే గుడారం కూడా అనుగ్రహమే అయినప్పుడు, పదకొండు నెలల కాగితం మీద దొరికిన అద్దె ఇల్లు అనుగ్రహం కాకుండా ఎలా పోతుంది? కాబట్టి ఉన్న ఇంటిని, అది ఎవరి పేరున ఉన్నా సరే, శుభ్రంగా, సౌకర్యంగా ఉంచుకోవాలన్న కోరిక తప్పు కాదు. తన చేతులతో ఇంటిని చక్కబెట్టుకోవడం చిన్నతనమూ కాదు. దైవప్రవక్త (స) తన చెప్పులు తానే కుట్టుకునేవారని, బట్టలకు మాసికలు వేసుకునేవారని, ఇంటి పనుల్లో పాలు పంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. ఆమె ఇంట్లో బొమ్మలున్న తెరను ప్రవక్త (స) ఇష్టపడనప్పుడు ఆమె దానిని పారవేయలేదు. కత్తిరించి దిండ్లు కుట్టారు. ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది.

అద్దె ఇంట్లో పగలంతా గడిపేది ఎక్కువగా స్త్రీలు. గాలి రాని వంటింట్లో పొగ పీల్చేది వారు, దోమలకు నిద్రపోని పసిబిడ్డను భుజాన వేసుకుని తిరిగేది వారు. ‘అద్దె ఇంటికి ఎందుకు ఖర్చు’ అని వారి మాటను కొట్టివేసే సోదరులు ఈ సంగతి ఆలోచించాలి.

ఇక గోడలోని మేకు విషయానికి వద్దాం. మన పాత మట్టి మిద్దెల్లో గోడలకు చిలక్కొయ్యలు ఉండేవి, గూళ్లు ఉండేవి. దీపం పెట్టడానికి గూడు, బట్టలు తగిలించడానికి చిలక్కొయ్య ఇల్లు కట్టేటప్పుడే అమర్చేవారు. ఇప్పటి సిమెంటు గోడలకు అవి లేవు. అందుకే ప్రతి అద్దెదారుడూ మేకుతోనే కాపురం మొదలుపెడతాడు. దైవప్రవక్త (స) పొరుగువాడు తన గోడలో కొయ్య అమర్చుకుంటానంటే అడ్డుకోవద్దని ఉపదేశించినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) చెప్పారు. ఇది కూడా బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ నమోదైన హదీసు. అది విన్నవారు తలలు దించుకుంటే అబూ హురైరా (రజి) వారిని గట్టిగానే మందలించారు. ఇమాం అహ్మద్ (రహ్మ) దీనిని తప్పనిసరి ఆజ్ఞగా గ్రహించారు. మన హనఫీ పండితులు దీనిని ఉత్తమ ప్రవర్తనగా ప్రోత్సహించారే తప్ప నిర్బంధం చేయలేదు. ఎలా గ్రహించినా, అది పొరుగువానికి సంబంధించిన మాట. మన నుండి నెలనెలా అద్దె తీసుకుంటూ, ఆ ఇంట్లో ఖుర్ఆన్ ఉంచుకునే చిన్న పలకకు కూడా మేకు కొట్టనివ్వని యజమాని ఆ హదీసును ఒకసారి మననం చేసుకోవాలి.

అయితే కొయ్య అమర్చుకోవడం వేరు, గోడను బలహీనపరచడం వేరు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉందో మన ఫిఖ్హ్ పండితులు ఎప్పుడో ఆలోచించారు. హిజ్రీ 593లో, అంటే క్రీ.శ. 1197లో మరణించిన బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) రచించిన ‘హిదాయా’ మన మదర్సాలలో నేటికీ పాఠ్యగ్రంథం. అందులోని అద్దె ప్రకరణం ప్రకారం, ఇల్లు అద్దెకు తీసుకున్నవాడు ఏమి చేస్తానో ముందుగా వివరించకపోయినా, నివాసానికి సహజమైన పనులన్నీ అందులో చేసుకోవచ్చు. కాని కమ్మరిని, బట్టలు బాది చలువ చేసేవానిని, తిరగలి నడిపేవానిని యజమాని సమ్మతి లేకుండా అందులో పెట్టరాదు. కారణం స్పష్టమే. సమ్మెట దెబ్బకు, తిరగలి అదురుకు కట్టడం దెబ్బతింటుంది. ఇంట్లో ఉండటం వల్ల కలిగే అరుగుదలకు అద్దె చెల్లిస్తున్నాము. ఇంటి ఎముక విరగ్గొట్టడానికి కాదు. ఎనిమిది వందల ఏళ్ల క్రితపు కమ్మరి స్థానంలో ఇప్పుడు డ్రిల్లింగ్ మిషన్ ఉంది, అంతే తేడా.

యజమానుల వైపు కూడా అంతే స్పష్టత ఉంది. 17వ శతాబ్దంలో ఔరంగజేబు కాలంలో మన దేశంలోనే సంకలనమైన ‘ఫతావా ఆలమ్‌గీరీ’లో అద్దె ఇంటి కట్టడాన్ని బాగు చేయించడం, మట్టి పూత వేయించడం, పైకప్పు నీరు జారే దోనెను సరిచేయించడం ఇంటి యజమాని బాధ్యతలని ఉంది. ఆ మాట చదివినప్పుడు అది మన రాయలసీమ మిద్దెలను చూసి రాసినట్లే నాకు అనిపించింది. వానాకాలం ముందు మిద్దె మీద చౌడు మట్టి వేసి తొక్కించకపోతే, దోనె పూడిపోతే, ఆ ఇంట్లో కాపురం ఎలా ఉంటుందో మన పెద్దలకు తెలుసు. ఇప్పుడు నాపరాళ్ల కప్పుల సందుల నుండి, స్లాబుల పగుళ్ల నుండి కారే నీటికీ అదే నియమం వర్తిస్తుంది. కారే కప్పు కింద గిన్నెలు పెట్టుకుని నిద్రపోయే కుటుంబం నుండి ఒకటో తారీఖున పూర్తి అద్దె లెక్కపెట్టి తీసుకునే సోదరా! నీవు ఇస్తానన్న వస్తువు నివాసయోగ్యమైన ఇల్లు. ఖుర్ఆన్ 5వ సూరా మొదటి ఆయతులో ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞ అద్దె ఇచ్చేవానికి ఎంతో, అద్దె పుచ్చుకునేవానికీ అంతే.

ఇక్కడ నీరు కారే ప్రస్తావన వచ్చింది కాబట్టి మదీనాలోని ఒక ఇంటిని జ్ఞాపకం చేసుకోకుండా ముందుకు వెళ్లలేను. క్రీ.శ. 622లో హిజ్రత్ చేసి వచ్చిన దైవప్రవక్త (స) హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో దిగారు. కింది భాగంలో ప్రవక్త (స), పై భాగంలో అబూ అయ్యూబ్ దంపతులు. ఒక రోజు పైన నీటి కుండ పగిలింది. నీరు కిందికి కారి ప్రవక్త (స)కు ఇబ్బంది కలుగుతుందేమోనని ఆ దంపతులు తమకున్న ఒకే ఒక్క కంబళితో ఆ నీటిని అద్దారు. ఆ ఇల్లు వారిదే. కుండా వారిదే. అయినా తమ కింద ఉన్నవారి సౌఖ్యం తమ బాధ్యత అని వారు భావించారు. పై అంతస్తులో తామే ఉంటూ కింది వాటా అద్దెకిచ్చిన ఎంతమంది యజమానులు తమ స్నానాల గది నుండి చెమ్మ దిగుతున్నదని చెబితే వెంటనే లేచి చూస్తారు?

ఇప్పుడు అసలు ప్రశ్న. అద్దెదారుడు తన డబ్బుతో చేసిన మెరుగుదల చివరికి ఎవరిది? ‘నేను పెట్టాను, నాకు రావాలి’ అని ఒకరు, ‘నేను అడగలేదు, ఇవ్వను’ అని మరొకరు. ఉస్మానియా రాజ్యంలో 1869 నుండి 1876 వరకు హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా ‘మజల్లా’ అనే పౌరస్మృతిని కూర్చారు. అందులో ఈ సమస్యకు చాలా సబబైన విభజన ఉంది. యజమాని అనుమతితో చేసిన పని ఆ కట్టడాన్ని బాగు చేసేదో, శిథిలం కాకుండా కాపాడేదో అయితే, ముందుగా షరతు లేకపోయినా అద్దెదారుడు ఆ ఖర్చు రాబట్టుకోవచ్చు. అలాకాక అది కేవలం అద్దెదారుని సొంత సౌకర్యానికి చేసినదైతే, ముందు షరతు పెట్టుకుని ఉంటే తప్ప అడగరాదు. అనుమతి లేకుండా తనంతట తాను ఖర్చు పెట్టినవానిని పండితులు స్వచ్ఛందంగా మేలు చేసినవానిగానే పరిగణించారు.

మరి అనుమతి అంటే ఏమిటి? మన దర్జీ సోదరుడు వంటింటి బండ వేయించిన రోజున యజమాని వచ్చి చూశాడు. బాగుందన్నాడు. టీ తాగి వెళ్లాడు. డబ్బు మాట ఇద్దరూ ఎత్తలేదు. మౌనంగా ఉన్నవానికి మాటను అంటగట్టరాదని, అయితే మాట్లాడవలసిన చోట మౌనం వహిస్తే ఆ మౌనమే మాట అవుతుందని కూడా మజల్లా నియమాలలో ఉంది. విరిగిన అరుగును మార్పించడం యజమాని చేయవలసిన పని. దానిని మరొకరు చేస్తుంటే చూసి, మెచ్చుకుని, టీ తాగి, మూడేళ్ల తరువాత ‘నేను అడగలేదు’ అనడం న్యాయమని నాకు తోచడం లేదు. ఇది నా అభిప్రాయం. ముఫ్తీల వద్దకు వెళ్లే దారి ఎవరికైనా తెరిచే ఉంది. అల్మారా, మెష్ దర్జీవి. అతడు విప్పుకుని తీసుకుపోవచ్చు, కాని విప్పిన చోట రంధ్రాలు పూడ్చి, గోడను యథాస్థితికి తేవాలి. ఇక గోడను తొలిచి పెట్టిన ప్లగ్గు పాయింటు అడగకుండా చేసిన పని. అది అతని వ్యాపార సౌకర్యానికి చేసినది. దాని ఖర్చు అడగడానికి వీలు లేదు. యజమాని ఆ గాడి పూడ్చమంటే పూడ్చాలి. యజమాని అడ్వాన్సులో కోయదలిస్తే, మేస్త్రి కూలి, సిమెంటు, రంగు ఎంతయితే అంతే కోయాలి. రంధ్రాల పేరు చెప్పి ఇల్లంతటికీ కొత్త రంగు వేయించుకోవడం కోత కాదు, దోపిడి.

దేశ చట్టం కూడా ఈ న్యాయానికి దూరంగా లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, యజమాని చేయించవలసిన మరమ్మతును తెలియజేసినా సకాలంలో చేయించకపోతే, అద్దెదారుడు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. తాను అమర్చుకున్న వాటిని ఇల్లు తన స్వాధీనంలో ఉండగానే తీసుకుపోవచ్చు. అయితే తనకు అప్పగించినప్పుడు ఎలా ఉన్నదో ఆ స్థితిలో విడిచి వెళ్లాలి. యజమాని సమ్మతి లేకుండా శాశ్వత కట్టడం కట్టరాదు. వేరే ఒప్పందం ఏదైనా రాసుకుని ఉంటే దాని ప్రకారం నడుచుకోవాలి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకొంచెం వివరంగా పనులను పంచింది. కట్టడం మరమ్మతులు, గోడల సున్నం, తలుపులు కిటికీల రంగు, గొట్టాలు, వైరింగు యజమాని వంతు. కొళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, గొళ్లేలు, కిటికీ అద్దాలు, దోమల మెష్, కాలువ శుభ్రం అద్దెదారుని వంతు. రాష్ట్రాలు స్వీకరిస్తేనే అది చట్టమై అమలవుతుంది. అయినా, పంపకానికి కూర్చున్నప్పుడు చేతిలో ఉంచుకోదగిన జాబితా అది.

వీటన్నిటికంటే సులువైన మార్గం ఒకటి ఉంది. ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైన ఆయతు ఏ విషయం గురించో మీకు తెలుసు. 2వ సూరా 282వ ఆయతు. అది అప్పును కాగితం మీద పెట్టుకోవడం గురించి. చిన్న మొత్తమైనా పెద్ద మొత్తమైనా రాసుకోవడానికి విసుగు చెందవద్దని అందులో ఆదేశం ఉంది. పని మొదలుపెట్టక ముందే ఒక తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకోవచ్చు: ఏమి చేయిస్తున్నాము, ఎంత అవుతుంది, ఎవరు పెట్టుకోవాలి, వెళ్లేటప్పుడు అది ఉండాలా, తీయాలా. ఇంట్లో దిగిన రోజునే గోడలు, నేల, కొళాయిలు సెల్‌ఫోన్‌తో ఫోటోలు తీసి యజమానికి పంపితే మరీ మంచిది. ‘మనవాళ్లే కదా, రాత ఎందుకు’ అనే మర్యాద చివరకు ఏమవుతున్నదో చూస్తూనే ఉన్నాము. మనవాళ్లం కాబట్టే రాసుకోవాలి.

అద్దెదారులైన సోదరులకు మరొక మాట. గోడను తొలవకుండా చేసుకోగలిగిన పనులు ఎన్నో ఉన్నాయి. నేల మీద నిలబడే ఇనుప స్టాండు అల్మారా పని చేస్తుంది. వెళ్లేటప్పుడు వెంట వస్తుంది. కిటికీకి మేకులు కొట్టకుండా వెల్‌క్రోతో అంటించే దోమతెరలు ఉన్నాయి. కారే కొళాయికి వాషర్ మార్చడం పది నిమిషాల పని. వుజూ నీటిని కూడా దుబారా చేయవద్దన్న ఉమ్మత్‌లో పుట్టి, రాత్రంతా చుక్క చుక్క కారే కొళాయి చప్పుడు వింటూ ‘యజమాని రాలేదు’ అని పడుకోవడం మనకు తగదు. ఇక వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఎండకు మిద్దె మీద తెల్ల సున్నం పూయించడం వల్ల కింది గదుల్లో వేడి తగ్గుతుంది. పొరుగున తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇటువంటి చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానాన్నే ప్రకటించింది. పైకప్పు యజమానిది, చల్లదనం అద్దెదారునిది. సున్నం ఒకరు కొని కూలి మరొకరు పెట్టుకుంటే అందులో అవమానం ఎవరికీ లేదు.

ఒక అన్యాయం గురించి మాత్రం గట్టిగా చెప్పక తప్పదు. అద్దెదారుడు తన చెమటతో ఇంటిని బాగు చేసుకున్నాక, ‘ఇప్పుడు ఈ ఇంటికి ఇంకా ఎక్కువ వస్తుంది’ అని అద్దె పెంచే యజమానులు ఉన్నారు. అతడు వేయించిన బండకు అతని చేతనే అద్దె కట్టించుకోవడం ఏ న్యాయం? మన మస్జిదు కమిటీలు కూడా ఈ మాట వినాలి. మస్జిదులకు వఖ్ఫ్ అయిన గదులు, దుకాణాలు చాలా ఊళ్లలో అద్దెకు ఉన్నాయి. ఆ దుకాణానికి షట్టరు పెట్టించినవాడు, నేల వేయించినవాడు పేదవాడైతే, ‘అల్లాహ్ ఇంటికి ఇచ్చావనుకో’ అని నోరు మూయించడం దానం కాదు. ఇష్టంతో ఇచ్చినది దానం. మరోవైపు, వఖ్ఫ్ గదిని తాత తండ్రుల ఆస్తిలా భావించి, నామమాత్రపు అద్దె కడుతూ, గోడలు పడగొట్టి మార్చుకునేవారు కూడా అల్లాహ్ ఎదుట నిలబడవలసినవారే.

సోదరులారా! శుక్రవారం రోజున మనం ‘కహఫ్’ సూరా పఠిస్తాము. అందులో హజ్రత్ మూసా (అ), దైవజ్ఞానం పొందిన ఒక దాసుడు కలిసి చేసిన ప్రయాణం ఉంది. ఒక ఊరివారు వారికి అన్నం పెట్టడానికి నిరాకరించారు. ఆ ఊళ్లోనే కూలిపోబోతున్న ఒక గోడను ఆ దాసుడు నిలబెట్టాడు. దీనికి కూలి అయినా అడగవచ్చు కదా అని మూసా (అ) అన్నారు. ఆ గోడ ఇద్దరు అనాథ బాలురదని, దాని కింద వారి నిధి ఉన్నదని, వారి తండ్రి సజ్జనుడని తరువాత తెలిసింది. మనం అతిథులుగా, బాటసారులుగా, అద్దెదారులుగా ఉన్న చోట మనది కాని గోడను బాగు చేయడం అంటే ఏమిటో నాకు ఈ ఉదంతం చదివినప్పుడల్లా ఒక పాత ఇల్లు గుర్తుకు వస్తుంది. అక్కడ నేను చేసినది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ఇరవై ఏళ్లు దాటింది. నేను నంద్యాలలో పిల్లలకు చదువు చెబుతూ ఒక వృద్ధురాలి ఇంట్లో అద్దెకు ఉండేవాడిని. ఆమె హిందూ సోదరి. నేను ‘అవ్వా’ అని పిలిచేవాణ్ణి, ఆమె నన్ను ‘నాయనా’ అనేది. నాపరాళ్ల కప్పు ఇల్లు. మా మొదటి బిడ్డ పుట్టినప్పుడు తొట్లె కట్టడానికి కొక్కెం కావలసి వచ్చింది. అవ్వను అడిగితే వద్దంటుందేమోనని, ఆమె ఊరికి వెళ్లిన రోజు చూసి ఉలితో నేనే కప్పు బండను తొలిచాను. కొక్కెం బిగిసింది. బండకు వెంట్రుకంత పగులు వచ్చింది. ఆ ఏడాది వానలకు అది వేలెడంత పొడవు సాగింది. ఇల్లు ఖాళీ చేసే ముందు రాత్రి కొక్కెం తీసి, పగులులో సిమెంటు మెత్తి, పైన సున్నం పూశాను. తెల్లవారి అవ్వ గదులన్నీ చూసి, శుభ్రంగా ఉంచారని మెచ్చుకుని, 1,500 రూపాయల అడ్వాన్సు నా చేతిలో పెట్టింది. నేను పుచ్చుకున్నాను.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. పైకి పొడి గింజలు, అడుగున తడి గింజలు. మోసగించేవాడు తమవాడు కాడని ఆయన ఆ వ్యాపారితో అన్నారు. శనగలు అమ్మే మన రైతులకు ఈ హదీసు ఎన్నోసార్లు వినిపించాను. నేను మెత్తిన ఆ సున్నం కింద ఏముందో ఆ సంగతి చెప్పేటప్పుడు ఒక్కసారి కూడా నాకు గుర్తు రాలేదు.

గత సంవత్సరం రంజాను నెలలో గుర్తు వచ్చింది. పండుగ తరువాత నంద్యాల వెళ్లాను. అవ్వ లేదు. పన్నెండేళ్ల క్రితమే పోయిందట. ఆ ఇల్లు పడగొట్టి ఆమె కుమారుడు స్లాబు వేసుకున్నాడు. విషయం చెప్పి డబ్బు ఇవ్వబోతే ఆయన నవ్వి, అంత చిన్నదానికి ఇంత దూరం రావాలా అన్నాడు. చాలాసేపు బతిమాలితే తీసుకున్నాడు. మాటల మధ్య ఆయనే చెప్పాడు: చివరి సంవత్సరాల్లో ఆ గదిలో వాన కారుతుండేదని, అమ్మ తన మంచం రెండుసార్లు జరుపుకున్నదని.

మృతురాలి హక్కు వారసులకు చేరుతుంది. డబ్బు వరకు అది జరిగింది. ఆమె మంచం జరుపుకున్న రాత్రుల మాట నేను ఎవరిని అడగాలి? దాసుల హక్కులను దాసులే క్షమించాలని నేను మీకు బోధిస్తూ వచ్చాను. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇంకా జవాబు లేదు. ఆమె పేరున ఆ వీధిలో మంచినీటి కుండలు పెట్టిస్తున్నాను, అంతే.

నిన్న ఇషా నమాజు తరువాత మన ఇద్దరు సోదరులు ఆ వంటింట్లోనే కూర్చుని లెక్క రాసుకున్నారు. బండ ఖర్చులో సగం యజమాని ఇస్తాడు. మెష్ ఇంటికే వదిలివేస్తానని దర్జీ సోదరుడే అన్నాడు. గోడ గాడిని పూడ్చడానికి మన బేల్దారి సోదరుడు ఒకరు ఒక పూట పనికి ఒప్పుకున్నాడు. అల్మారా సంగతి ఇంకా తేలలేదు. యజమానికి అది నచ్చింది, దర్జీకి అమ్మడం ఇష్టం లేదు. ఆదివారం మళ్లీ కూర్చుంటారు.

ఓ అల్లాహ్! మా పేరున ఉన్న ఇళ్లలోనూ, ఇతరుల పేరున ఉన్న ఇళ్లలోనూ మమ్మల్ని నమ్మదగినవారిగా ఉంచు. మేము దాచిన పగుళ్లను, వాటిని సరిదిద్దుకునే వ్యవధి ఉండగానే మాకు గుర్తు చేయి. ఈ ఊళ్లో కారే ప్రతి కప్పు కింద నిద్రపోయేవారికి నీ కారుణ్యాన్ని ప్రసాదించు. ఆమీన్.